మా అత్తయ్య కడిగేసిన బొమ్మ

మా వంటింట్లో సింకు పక్కన ఒక గోడ ఉంది. ఇల్లు మా అందరిదీ, ఆ గోడ మాత్రం మా అత్తయ్యది. నేను కోడలిగా వచ్చిన రోజు నుంచి దాని మీద నాకు చెయ్యి వేసే హక్కు రాలేదు. పొద్దున్నే పాలు కాచగానే ఆవిడ ఖాళీ ప్యాకెట్టుని కత్తెరతో కోసి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, సబ్బుతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, తడి తడిగా ఆ నున్నటి టైల్సు మీద అరచేత్తో ఒక్క చరుపు చరుస్తుంది. అది గోడకి బల్లిలా కరుచుకుని ఉంటుంది. ఎవరూ తీయక్కర్లేదు, ఆరగానే అదే ఊడి గట్టు మీద పడుతుంది. ఆ చిన్న చప్పుడు టీవీ గదిలో ఉన్నా ఆవిడకి వినిపిస్తుంది. నేను గేటు దగ్గర నిలబడి గొంతు చించుకున్నా వినిపించదు, అది వేరే విషయం.

ఆ ప్యాకెట్ల మీదే చెక్కలు వత్తుతుంది, బొబ్బట్లు తడుతుంది, కరివేపాకు చుట్టి ఫ్రిజ్‌లో పెడుతుంది. పాలు పోసేటప్పుడు మూల కత్తిరించవచ్చు గానీ ఆ ముక్క తెగి పడకూడదు. తెగి పడితే అది ఏ ఆవు కడుపులోకో పోతుందని ఆవిడ బెంగ. ఒకసారి తెంపి పారేసినందుకు ఆ పూట నాకు కాఫీ బదులు ఉపన్యాసం దొరికింది. మా ఆయన పాత ప్యాంటు కాళ్లన్నీ సంచులుగా మారి బజారు తిరుగుతుంటాయి. బజ్జీల బండి దగ్గరికి కూడా స్టీలు డబ్బాతోనే వెళ్లాలి. పర్యావరణం అన్న మాట మాత్రం ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. 'బంగారంలాంటి కవరు' అంటుంది, అంతే.

మొన్నామధ్య నాకు కొత్త వంటిల్లు చేయించుకోవాలన్న పిచ్చి పట్టింది. కార్పెంటరు తెచ్చిన చెక్క రంగు షీటు చూసి మనసు పారేసుకున్నాను. చేత్తో తడిమితే గరుకుగా, అచ్చం మాను బెరడులా ఉంది. సింకు వెనక గోడంతా అదే వేద్దామన్నాను. అత్తయ్య కళ్లజోడు పైకి తోసి షీటుని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్క ప్రశ్న వేసింది.

"దీనికి ప్యాకెట్లు అంటుకుంటాయా అమ్మాయ్?"

"అంటుకోవత్తయ్యా. ఏదీ అంటుకోకపోవడమే దీని గొప్పతనం."

ఆవిడ షీటు నా చేతికిచ్చి టీవీ గదిలోకి వెళ్లిపోయింది. నాకు లోలోపల చిన్న విజయగర్వం కూడా కలిగింది. ఆ గర్వం సరిగ్గా ఆదివారం మధ్యాహ్నం వరకు నిలిచింది.

ఆదివారమైతే అబిడ్స్‌లో మూసిన కొట్ల ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలే. నాకు ఆ పుస్తకాల పిచ్చి, అత్తయ్యకి నాతో రావడం పిచ్చి. ఆవిడది గుంటూరు వైపు. మా మామగారి కుటుంబం యాభై ఆరులో రాజధాని మారినప్పుడు ఆఫీసులతో పాటు కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాక, ఆవిడ పెళ్లి చేసుకుని ఈ ఊరు చేరింది. ఇన్నేళ్లయినా మాట గుంటూరుదే, ఆటోవాళ్లతో బేరమాడేటప్పుడు మాత్రం 'జర' దూరుస్తుంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, నాకంటే ముందు నడుస్తుంది. ఆ రోజు పాత వంటల పుస్తకమొకటి బేరమాడి కొని, అందులో వంకాయ కూరలో చింతపండు వేయమన్నందుకు రోడ్డు మీదే దాన్ని తిట్టింది. అలా తిట్టుకుంటూ నాంపల్లి వైపు నడుస్తుండగా హఠాత్తుగా ఆగిపోయింది.

"అమ్మాయ్, నేను ఒకసారి వెళ్లాలే."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి! వెళ్లాలి."

అర్థమైంది. ఎండాకాలం కదా అని దారి పొడుగునా నేనే మజ్జిగ తాగించాను. హోటళ్లు వెనకే ఉండిపోయాయి, ముందంతా షట్టర్లు దించిన కొట్లే. నేను బిక్కమొహం వేసుకుని చూస్తుంటే, ఒక పాత బంగళా గేటు తెరిచి కనిపించింది. గేటుకి గుడ్డ బ్యానరు కట్టి ఉంది. చిత్రకళా ప్రదర్శన, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే. ఏదో కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకునే ఆఖరి సంవత్సరం పిల్లలది.

"అందరూ అంటే మనం కూడా," అని అత్తయ్య అప్పటికే గేటు లోపల ఉంది.

వాచ్‌మన్ పెద్దాయన. మా అవస్థ మొహం చూసే కనిపెట్టాడు. "గా వెనకున్నది అమ్మా బాత్రూము. పాత వంటిల్లు దాటినంక. జర చూసి పోండ్రి, మెట్లున్నయ్," అన్నాడు. నేను తోడు వస్తానంటే అత్తయ్య కసిరింది. తను పసిపిల్లేమీ కాదంది. సరే, ఊరికే నిలబడడమెందుకని నేను ముందు గదిలోకి తొంగి చూశాను.

అక్కడే కొంప మునిగింది. గోడకి నిలువెత్తు బొమ్మ ఒకటుంది. బొమ్మ అని ఎలా అనాలో తెలీదు, ఎందుకంటే అందులో మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. అంతా నీలం. కింద ఒక మూల మాత్రం కుంకుమబొట్టంత ఎరుపు. ఇది నేనూ వేయగలను అనుకుని ముందుకు నడిచాను. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లబోయి మళ్లీ వచ్చాను. ఆ నీలంలో ఎన్నో నీలాలున్నాయి. చూస్తున్నకొద్దీ ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటున్నాయి. నాకు ఎందుకో నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఉయ్యాల బాగా పైకి వెళ్లినప్పుడు కడుపులో గిలిగింత పుడుతుందే, అచ్చం ఆ నవ్వు. యాభై దాటిన దాన్ని, చేతిలో ప్యాంటు గుడ్డ సంచి, సంచిలో పాత పుస్తకాలు, ఒంటరిగా గోడ ముందు నిలబడి పకపకా నవ్వుకున్నాను. ఇంత సంతోషం ఊరికే గోడకి తగిలించి, గేటు తెరిచి, ఉచితం అని రాసి పెట్టారే అనిపించింది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అప్పుడు అత్తయ్య గుర్తొచ్చింది. బాత్రూములో జారిపడిందో ఏమో అని పరుగెత్తాను.

జారిపడలేదు. పాత వంటింట్లో సింకు ముందు, కొంగు నడుముకి దోపుకుని, మోచేతుల దాకా నురగతో, కూనిరాగం తీస్తూ నిలబడి ఉంది. పక్కన బకెట్టు. బకెట్టు నిండా కడిగిన పాల ప్యాకెట్లు.

"వచ్చావా! చూడవే అమ్మాయ్, ఎంత ఘోరమో. వంద పైనే ఉన్నాయి. కడగకుండా అలాగే గోడకి టేపు వేసి అంటించారు. పులిసిన కంపు! ఎవరో కొత్తగా కాపురం పెట్టినవాళ్లయి ఉంటారు, పాపం తెలీదు. మూలలు కూడా అన్నీ తెంపేశారు."

నేను గోడ వైపు చూశాను. తెల్లటి పాత టైల్సు, వాటి మీద టేపు మచ్చలు. పైన చిన్న దీపం వెలుగు సరిగ్గా ఆ ఖాళీ గోడ మీద పడేలా అమర్చి ఉంది. పక్కనే అరచేయంత అట్టముక్క. దాని మీద ఒక అమ్మాయి పేరు, పేరు కింద 'మిగిలిన పాలు' అని ఉంది.

"అత్తయ్యా," అన్నాను. "ఈ అట్ట చదివారా?"

"చదివాను. మిగిలిన పాలు అని వాళ్లే రాసుకున్నారు. తెలిసి కూడా అలా వదిలేస్తే ఎలా?"

సరిగ్గా అప్పుడు వెనక గుమ్మంలో ఒక అమ్మాయి కనిపించింది. రెండు చేతుల్లో రెండు ఛాయ్ గ్లాసులు, జుట్టులో పెన్సిలు. గోడని చూసింది. బకెట్టుని చూసింది. మా అత్తయ్యని చూసింది.

"అమ్మమ్మా..." అంది నెమ్మదిగా. "కడిగిన్రా?"

"కడిగానే తల్లీ. నువ్వేనా అంటించింది? ఇంక నాలుగే మిగిలాయి."

"మొత్తం కడిగిన్రా?"

ఆ పిల్ల గ్లాసులు కింద పెట్టి గుమ్మంలోనే కూలబడింది. నాకు ముక్కలు ముక్కలుగా సంగతి తెలిసింది. వాళ్లది మెదక్. ఇక్కడ హాస్టల్లో ఉంటూ బొమ్మల చదువు చదువుతోంది. హాస్టల్ వంటింట్లో పాలు పోశాక ప్రతి ప్యాకెట్టులో నాలుగు చుక్కలు మిగిలిపోవడం చూసి, నెలల తరబడి ఆ ప్యాకెట్లు కోసి, లోపల పాలు ఎండి తెల్లటి పగుళ్లుగా, మ్యాపుల్లా గట్టిపడేదాకా దాచి, ఒక్కొక్కటీ గోడకి అంటించింది. మనం పారేసేది ఎంతో చూపించాలని. ఆ పగుళ్లే బొమ్మ. మా అత్తయ్య పగుళ్లు ఒక్కటీ లేకుండా పామి పామి కడిగింది.

"గది నా పరీక్ష ఆంటీ," అంది ఆ పిల్ల. "బయటూరు నుంచి సార్ వస్తుండు మార్కులెయ్యనీకి. ఒక్కరోజే వస్తడు. సాయంత్రం నాంపల్లిల రైలెక్కి పోతడు. ఇయ్యాల చూపియ్యకపోతె మల్ల వచ్చే ఏడే. ఇంట్ల ఏమని చెప్పాలె?"

అత్తయ్య చేతిలో ఉన్న ప్యాకెట్టు అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహం అంతగా వాడిపోవడం నేను ఎన్నడూ చూడలేదు. "పరీక్షా?" అంది. "పాల ప్యాకెట్లకి పరీక్ష పెడతారని నాకేం తెలుసే తల్లీ. ఇప్పుడే వెళ్లి పాలు కొనుక్కొస్తాను, వీటిల్లో మళ్లీ పోద్దాం."

"ఎండనీకి నెలలు పట్టింది అమ్మమ్మా."

  సార్ ఇంకో గంటలో వస్తాడట. ఆ పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. అత్తయ్యకి ఏం చేయాలో తోచక, తోచనప్పుడు చేతులు చేసే పనే చేసింది. తడి ప్యాకెట్టు ఊరికే పట్టుకుని ఉండలేక, అలవాటుగా గోడకి వేసి ఒక్క చరుపు చరిచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. తడివి కుప్పగా ఉంటే మళ్లీ వాసనొస్తుందని తనలో తనే గొణుక్కుంటోంది.

ఆ పిల్ల ఏడుపు ఆపి చూసింది. లేచి దగ్గరికి వచ్చింది. ఒక ప్యాకెట్టు అంచుని గోటితో లేపి చూసింది.

"ఏంది అమ్మమ్మా గిది? టేపు లేదు, గమ్ము లేదు. గిట్ల ఎట్ల ఉంటున్నయ్?"

"తడికి ఉంటాయే. ఆరితే పడిపోతాయి. మా ఇంట్లో రోజూ ఇంతే."

"వాటంతట అవే పడ్తయా?"

"మరి? మనం చూస్తూ కూర్చోవాలా? పడ్డప్పుడే తెలుస్తుంది ఆరిందని."

ఆ పిల్ల కళ్లలోకి వెలుగు రావడం నేను చూశాను. వెనక కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వస్తోంది. తడి ప్యాకెట్ల మీద నీటి చుక్కలు మెరుస్తున్నాయి. ఆ పిల్ల గబగబా బకెట్టులో చెయ్యి పెట్టి ఒక ప్యాకెట్టు తీసి గోడకి చరిచింది. వంకరగా పడింది. "మధ్యలోంచి అంచులకి నిమరాలి, గాలి పోవాలి," అని అత్తయ్య అందుకుంది. నేనూ సంచి గట్టు మీద పడేసి పైట బిగించాను. వాచ్‌మన్ ఏం చప్పుడని తొంగి చూస్తే, చేతికందని పైవరస ఆయనకి అప్పజెప్పాం. ఇదేం కథ అని అడక్కుండా చెప్పులు విప్పి స్టూలెక్కాడు.

అదొక పండగ. మోచేతుల్లోంచి నీళ్లు కారి జాకెట్టు తడిసిపోయింది. ఒకరి మీద ఒకరికి నీళ్లు చిందుతున్నాయి. పై వరసలోంచి ఒకటి జారి వాచ్‌మన్ నెత్తి మీద టోపీలా కూర్చుంది, ఆ పిల్ల నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. గోడ మీద నా అరచేయి చప్పుడుతో పడ్డ ప్రతిసారీ నాకు మా ఇంటి షీటు గుర్తొచ్చింది, ఏదీ అంటుకోని ఆ గొప్ప షీటు. దాన్ని ఏం చూసుకుని మురిశానా అనిపించింది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ గోడకి నేను ప్యాకెట్టు వేసి చూడలేదు. ఇంత సరదా అని నాకెవరూ చెప్పలేదు. ఆ చేత్తోనే కార్పెంటరుకి ఫోన్ చేసి, సింకు వెనక గోడ ముట్టుకోవద్దని చెప్పేశాను. ఆయన ఎందుకమ్మా అంటే, పరీక్ష నడుస్తోందన్నాను.

ఆ పిల్ల అట్టముక్క మీద 'మిగిలిన పాలు' కొట్టేసి, కింద 'ఆరేదాకా' అని రాసింది.

సార్ వచ్చాడు. పొట్టిగా, బట్టతల, భుజాన బ్యాగు, మొహంలో చిరునవ్వన్నదే లేదు. వెంట ఇద్దరు ముగ్గురు మేష్టర్లు. నేనూ, అత్తయ్యా, వాచ్‌మనూ తలుపు పక్కన దొంగల్లా నక్కి నిలబడ్డాం. సార్ గోడని పైనుంచి కిందికి చూశాడు.

"ఏమిటమ్మా ఇది?"

ఆ పిల్ల మాట్లాడాల్సిందంతా మర్చిపోయిందని నాకు అర్థమైంది. చేతులు నలుపుకుంటూ అంది. "గివి ఆరితె పడ్తయ్ సార్."

"పడితే?"

"పడితె మల్ల వాడుకుంటం సార్."

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కింది వరసలోంచి ఒక ప్యాకెట్టు మూల లేచింది, కాస్త ఊగింది, టప్పున పడింది. ఇంకొకటి. ఒక మేష్టరు ఉలిక్కిపడ్డాడు. తర్వాత కాసేపు ఏమీ లేదు. అందరూ తరువాతది ఏదా అని గోడంతా వెతుకుతున్నారు. మళ్లీ ఎక్కడో పైన టప్. ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ మాత్రం నవ్వలేదు. పాస్ అవుతుందో లేదో ఆ మొహం చూసి ఎవరూ చెప్పలేరు. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందనుకుంటాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కుతోంది.

అప్పుడు సార్ కాళ్ల దగ్గర ఒక ప్యాకెట్టు పడింది. ఆయన వంగి తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాన్ని రాసి చూశాడు. ఒక అంచు ఇంకా తడిగా ఉన్నట్టుంది. ఏమీ ఆలోచించకుండా రెండడుగులు ముందుకు వేసి, గోడకి వేసి, అరచేత్తో చరిచి, మధ్యలోంచి అంచులకి నిమిరాడు.

"ఆఁ, అలాగే!" అంది అత్తయ్య పైకే.

సార్ వెనక్కి తిరిగాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. "మా అమ్మ..." అని ఆగిపోయాడు. తర్వాత వాచ్‌మన్‌తో అన్నాడు. "ఆ ఫ్యాను ఆపండి. తొందరేముంది, నెమ్మదిగా ఆరనివ్వండి."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పక్కనే ఇంకో స్టూలు వేసి అత్తయ్యని కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చుని, పడ్డ ప్యాకెట్లు ఏరి ఒళ్లో వేసుకుని మడతలు పెట్టింది. చల్లారిపోయిన ఛాయ్ ఎవరో వేడి చేసి తెచ్చారు. ఒక్కొక్కటే పడుతుంటే ఆ గదిలో సారూ అత్తయ్యా ఇద్దరూ చెక్కలు ఎలా వత్తాలో, నువ్వులు వేయాలా వద్దా అని వాదించుకున్నారు. ఆఖరికి పై వరసలో, వాచ్‌మన్ అంటించినది, ఒక్కటే మిగిలింది. అది పడదు. ఎంత చూసినా పడదు. రైలు టైము దగ్గర పడి మేష్టర్లు గడియారాలు చూసుకుంటున్నారు. సార్ ఇష్టం లేకుండా లేచి బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, తన నంబరున్న కార్డు ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"అది పడ్డాక నాకు ఫోన్ చెయ్యమ్మా."

"సార్, మార్కులు?" అంది ఆ పిల్ల.

"అవెప్పుడో వేసేశాను. నువ్వు దాని సంగతి చెప్పు."

ఆయన ఆటో గేటు దాటిందో లేదో, టప్. ఆ పిల్ల ఆయనకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి బంగళా అదిరేలా కేక పెట్టింది. "పడ్డది సార్! పడ్డది!" అవతల ఆటో శబ్దంలో ఆయన మొదటిసారి నవ్వడం మా అందరికీ వినిపించింది. అత్తయ్య ఆ ప్యాకెట్టు అందుకుని, వేళ్ల మధ్య రాసి చూసి, బాగా ఆరిందని తల ఊపింది.